అమ్మ ముగ్గుల పుస్తకం: స్కాన్ నుంచి వెక్టర్ దాకా

2025 నవంబరు 9, ఆదివారం

ఏడాది నుంచి అనుకుంటున్న పని ఈ రోజుకి మొదలైంది.

అమ్మ ముగ్గుల పుస్తకాలు మూడు. ఒకటి పెళ్లికి ముందు మొదలుపెట్టింది, మిగతా రెండూ విజయవాడ వచ్చాక, సింగ్‌నగర్ ఇంట్లో రాసినవి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు మూడూ చెక్క బీరువా కింది అరలోనే ఉన్నాయి. నీళ్లు తీశాక తలుపు ఉబ్బిపోయి తెరుచుకోలేదు. తమ్ముడు గునపంతో తెరిస్తే, అమ్మ పట్టుచీరల వైపు చూడకుండా ముందు ఈ పుస్తకాలు బయటికి తీసింది. పేజీకీ పేజీకీ మధ్య న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టి, ఫ్యాను కింద వారం రోజులు ఆరబెట్టాం. బాల్‌పెన్నుతో గీసినవి నిలబడ్డాయి, దాని ఇంకులో నూనె ఉంటుంది కాబట్టి. స్కెచ్ పెన్నుతో దిద్దినవి మాత్రం చాలావరకు కరిగి పక్క పేజీకి అంటుకున్నాయి.

ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడితే సరిపోదా అని పిన్ని అడిగింది. సరిపోదు. ఫోటోని పెద్దది చేస్తే గీత అరిగిపోయిన మెట్లలా కనిపిస్తుంది. అదే వెక్టర్ అయితే గీత ఎక్కడ మొదలై ఎటు వంగి ఎక్కడ ఆగుతుందో లెక్కల్లో ఉంటుంది. నోటుబుక్కులో అరచేయంత ముగ్గుని గేటు ముందు పన్నెండు అడుగులకి పెంచినా అంచు చెదరదు. గవర్నర్‌పేటలో నేను చేసే డీటీపీ పని ఇదే, లోగోలు ట్రేస్ చేసి, అంటే వెక్టర్‌గా మార్చి ఇస్తుంటాం. కాబట్టి పని తెలుసు, కావాల్సింది ఓపికే అనుకున్నాను.

షాపులో పాత ఫ్లాట్‌బెడ్ స్కానర్‌ని ఇంటికి తెచ్చుకోవడానికి ఓనరు గారు ఒప్పుకున్నారు. ఈ రోజు పెట్టిన సెట్టింగులు రాసి ఉంచుతున్నాను. రెజల్యూషన్ 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 పిక్సెళ్లు. అమ్మ బాల్‌పెన్ను గీత మందం దాదాపు 0.4 మి.మీ. ఉంది. 300 దగ్గర అది ఐదు పిక్సెళ్లు కూడా రాదు, 600 దగ్గర తొమ్మిది దాటుతుంది. గీత అంచు ఎక్కడుందో తేలాలంటే ఆ మాత్రం ఉండాలి. నీలం గీతే కదా అని బ్లాక్ అండ్ వైట్‌లో తీయకూడదు, రంగుల్లోనే తీయాలి. ఎందుకో తర్వాత పేజీల్లో తెలిసింది. స్కానర్‌లో ఆటో షార్పెన్ ఆపేశాను. సేవ్ చేసేది పీఎన్‌జీలోనే. జేపీజీ బొమ్మని ఎనిమిదేసి పిక్సెళ్ల గళ్లుగా కోసి కుదిస్తుంది, దాంతో గీత చుట్టూ సన్నటి నలుసులు పడతాయి. ట్రేస్ చేసేటప్పుడు ఆ నలుసులన్నీ గీతకి ముళ్లలా మొలుస్తాయి.

ఇంకొకటి, పేజీ వెనక నల్ల చార్టు ముక్క పెట్టాను. తెల్ల కాగితం పెడితే అవతలి పక్క ముగ్గు ఇటు కనిపిస్తోంది. నల్లది పెడితే పేజీ మొత్తం కాస్త మసకగా వస్తుంది కానీ అవతలి గీతలు దాదాపు మాయమవుతాయి.

సాయంత్రానికి 22 పేజీలు అయ్యాయి.

నవంబరు 12

పుస్తకం 2, పేజీ 14. నాలుగు వరుసలు, వరుసకి ఐదు చుక్కలు. మెలికల ముగ్గు. ప్రయోగాలన్నీ దీని మీదే చేద్దామని పెట్టుకున్నాను, ఎందుకంటే అన్ని రోగాలూ ఇందులోనే ఉన్నాయి. కింది మూల నుంచి పైకి వరద మరక ఎక్కి, అది ఆగిన చోట ముదురు గోధుమ రంగు అంచు కట్టింది. ఆ అంచు సరిగ్గా ముగ్గు మధ్యలోంచి పోతోంది.

రంగులు తీసేసి గ్రేస్కేల్‌కి మార్చి థ్రెషోల్డ్ పెట్టాను. థ్రెషోల్డ్ అంటే ఒక అంకె ఇస్తే, దానికంటే ముదురువన్నీ నలుపు, లేతవన్నీ తెలుపు. మరక అంచు ముగ్గు మీద నల్ల తాడులా వచ్చి పడింది. అంకె తగ్గిస్తే తాడుతో పాటు పక్కన సన్నగా ఉన్న పెన్ను గీత కూడా పోయింది. రెండు గంటలు ఆ అంకెతోనే కుస్తీ.

తర్వాత తోచింది. గింప్ అనే ఫోటోలు దిద్దే ప్రోగ్రాములో బొమ్మని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లుగా విడదీశాను. ఎరుపు ఛానెల్ తెరవగానే మరక లేదు! నీలం ఇంకు ఎర్ర కాంతిని మింగేస్తుంది, కాబట్టి అక్కడ నల్లగా నిలబడుతుంది. గోధుమ మరక ఎర్ర కాంతిని చాలావరకు వెనక్కి పంపేస్తుంది, కాబట్టి కాగితంలో కలిసిపోతుంది. అదే నీలం ఛానెల్ తెరిస్తే పూర్తిగా తిరగబడింది. మరక బొగ్గులా ఉంది, ముగ్గు వెలిసిపోయినట్టుంది. గ్రేస్కేల్‌లో మూడూ కలిపేస్తారు కాబట్టి అన్నీ గజిబిజి అయ్యాయి.

ఒక్క ఇబ్బంది ఉంది. నోటుబుక్కు రూళ్లు లేత నీలం, అవి కూడా ఎర్ర ఛానెల్‌లో కాస్త ముదిరాయి. కానీ వాటి విలువ (0 అంటే నలుపు, 255 అంటే తెలుపు) 170 దగ్గర ఉంటే, పెన్ను గీత 60 నుంచి 100 మధ్యలో ఉంది. 130 దగ్గర కోశాను. రూళ్లు పోయాయి, గీత మిగిలింది. రాత్రి పన్నెండున్నరకి అమ్మని లేపి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని దగ్గరికొచ్చి, "మరక ఏదే?" అని అడిగింది.

నవంబరు 16, ఆదివారం

ట్రేస్ మొదలుపెట్టాను. వెక్టర్ బొమ్మలు గీసే ప్రోగ్రాము ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ నొక్కితే లోపల పనిచేసేది పోట్రేస్. పీటర్ సెలింగర్ అనే గణిత శాస్త్రవేత్త 2001లో విడుదల చేసిన ప్రోగ్రాము. నలుపు ఎక్కడ ఆగి తెలుపు మొదలవుతుందో ఆ అంచు వెంట నడిచి, దాన్ని ముందు బహుభుజిగా చేసి, ఆ తర్వాత నున్నటి వంపులుగా మారుస్తుంది. లోగోలకి దీన్ని మించింది నేను చూడలేదు.

ముగ్గు కూడా స్క్రీను మీద బ్రహ్మాండంగా వచ్చింది. దగ్గరికి వెళ్లి చూస్తే అది గీత కాదు. గీతకి ఇటు ఒక అంచు, అటు ఒక అంచు, మధ్యలో నలుపు నింపి ఉంది. అంటే అమ్మ గీసిన ఒక్క గీత సన్నటి రిబ్బను ముక్క అయింది. గీత మందం పెంచుదామంటే కుదరదు. ముగ్గు పిండితో వేస్తే గీత వేలి మందాన ఉంటుంది, పెన్నుతో అయితే దారమంత. రెండూ ఒకే ముగ్గు. రిబ్బనుతో అది చేయలేం. ఒక గీత ఇంకోదాన్ని దాటే చోట రెండూ కలిసి అచ్చం నల్ల ప్లస్సు గుర్తు. ఏది పైనుంచి వచ్చిందో, ఏది పక్కకి పోతోందో అందులో లేదు.

శుభలేఖ మీద బొమ్మగా వేసుకోవడానికైతే ఇది చాలు. నాకు చాలదు.

నవంబరు 23, ఆదివారం

ఇంక్‌స్కేప్‌లో 1.0 నుంచి ఇంకో పద్ధతి ఉంది, సెంటర్‌లైన్ ట్రేసింగ్. అది ఆటోట్రేస్ అనే వేరే ప్రోగ్రాము నుంచి వచ్చింది. ఇది అంచులు పట్టుకోదు. గీతని రెండు వైపుల నుంచీ పొర పొరగా ఒలుచుకుంటూ వెళ్లి, చివరికి ఒక్క పిక్సెల్ వెడల్పున మధ్య నరం మిగిలే దాకా పలచన చేస్తుంది. ఆ నరాన్ని గీతగా రాస్తుంది. కావాల్సింది ఇదే.

పేజీ 14కి పెట్టాను. వచ్చింది. కానీ కూడలి దగ్గర ఆగి చూడాలి.

అమ్మ గీతలు రెండు ఒకదాన్నొకటి కత్తెర వేసినట్టు దాటతాయి. నిజంగా అయితే అక్కడ ఒకే ఒక బిందువు ఉండాలి, దాని నుంచి నాలుగు దారులు. స్క్రీను మీద వెయ్యి శాతానికి పెంచి చూశాను. గీత తొమ్మిది పిక్సెళ్ల మందం ఉంది కాబట్టి, రెండు గీతలు కలిసిన చోట ఇంకు చిన్న మడుగులా ఉంటుంది. ఆ మడుగుని అన్ని వైపుల నుంచీ ఒలుస్తూ పోతే చివరికి మిగిలేది బిందువు కాదు, ఐదారు పిక్సెళ్ల పుల్ల. పుల్లకి ఈ చివర రెండు దారులు, ఆ చివర రెండు దారులు. నాలుగు రోడ్ల కూడలి కాస్తా పక్కపక్కన మూడేసి రోడ్ల కూడళ్లు రెండయింది. గీతలు ఏటవాలుగా దాటుకున్న చోట ఆ పుల్ల ఇంకా పొడుగు. దాటి వెళ్లాల్సిన గీత అక్కడ చిన్న మెలిక తిరిగి, చెయ్యి వణికినట్టు కనిపిస్తోంది. అమ్మ చెయ్యి వణకదు.

ప్రతి కూడలి దగ్గరా ప్రోగ్రాము గీతని తెంపేస్తుంది కూడా. నాలుగు వరుసలు, ఐదు చుక్కలంటే పక్కపక్క చుక్కల మధ్య 31 చోట్ల గీత దాటుతుంది. కూడలికి నాలుగు దారులు, ఒక్కో ముక్క రెండు కూడళ్లని కలుపుతుంది కాబట్టి 62 ముక్కలు. పుల్లలు అదనం.

నవంబరు 30, ఆదివారం

షాపులో స్టిక్కర్లు కోసే వినైల్ కట్టర్ ఉంది. దానికి బ్లేడు తీసేసి ఆ చోట పెన్ను బిగిస్తే గీతలు గీస్తుంది. ఫైలులో గీత ఏ వరుసలో ఉంటే ఆ వరుసలోనే గీస్తుంది కాబట్టి, లోపల ఏముందో కళ్లతో చూడొచ్చు. ఈ రోజు షాపు సెలవు, తాళాలు ఇచ్చారు. అమ్మ కూడా వస్తానంది.

పేజీ 14 పంపించాను. పెన్ను కింది మూలలో ఒక వంకర గీసి లేచింది. పైమూలకి పోయి ఒక సున్నా ముక్క గీసింది. మళ్లీ మధ్యలోకి వచ్చింది. కట్టర్ టకటకా కొట్టుకుంటూనే ఉంది. అంతా అయ్యాక కాగితం మీద ముగ్గు ముగ్గులాగే ఉంది, నేను సంతోషించాను. అమ్మకి నచ్చలేదు.

"ఇదేంటే, కోడి గెలికినట్టు ఎక్కడపడితే అక్కడ గీస్తోంది? చెయ్యి ఎన్నిసార్లు ఎత్తింది?"

"చివరికి వచ్చింది కదమ్మా."

"వచ్చింది. కానీ ఇది నేనేసిన ముగ్గు కాదు."

అని నా చేతిలోంచి పెన్ను తీసుకుని, పాత శుభలేఖ కవరు వెనక ఇరవై చుక్కలు పెట్టింది. మొదటి చుక్క కింద మొదలుపెట్టి, రెండో చుక్క పక్కనుంచి కిందికి దిగి, అంచు చుక్కని చుట్టి వెనక్కి తిరిగింది. ఎక్కడా ఆగలేదు. కూడలి వచ్చినప్పుడల్లా గీత నేరుగా అవతలికి దాటుతుంది, అంచుకి చేరినప్పుడే తిరుగుతుంది. నిమిషంలోపే మొదలుపెట్టిన చోటికి వచ్చి కలిసింది. పెన్ను ఒక్కసారి కూడా పైకి లేవలేదు.

అప్పుడు తెలిసింది నేను తప్పు చోట చూస్తున్నానని. మూడు వారాలుగా గీత ఆకారం సరిగ్గా వచ్చిందా లేదా అనే చూస్తున్నాను. ముగ్గులో ఆకారం సగమే, మిగతా సగం చెయ్యి నడిచిన దారి. మా అమ్మమ్మ దగ్గర అమ్మ నేర్చుకుంది బొమ్మని చూసి కాదు, చేతి వెనక చెయ్యి పెట్టి. 62 ముక్కల ఫైలు దాచిపెడితే, రేపు మా అన్నయ్య కూతురు దాన్ని చూసి ముగ్గు ఎలా ఉంటుందో తెలుసుకుంటుంది, ఎలా వేయాలో తెలుసుకోలేదు. కాబట్టి నియమం మారింది. అమ్మ చెయ్యి ఎత్తకుండా వేసిన గీత ఫైలులో ఒకే పాత్, అంటే ఎక్కడా తెగని ఒకే వెక్టర్ గీత కావాలి. మొదలు ఎక్కడో, అమ్మ మొదలుపెట్టిన చోటే.

డిసెంబరు 3

చేత్తో కలిపి చూశాను. ముక్కలన్నీ ఎంచుకుని కంబైన్ చేయాలి, లేకపోతే విడివిడి పాత్‌ల చివర్లు అతకవు. పుల్లల్ని చెరిపేసి, ఎదురెదురు చివర్లని రెండేసి పట్టుకుని షిఫ్ట్ జే. కూడలికి రెండు అతుకులు, 62 అతుకులు. గంటా పదిహేను నిమిషాలు పట్టింది, పేజీ 14 ఒక్కదానికే. పుస్తకాల్లో పదిహేను చుక్కల ముగ్గులున్నాయి.

డిసెంబరు 7, ఆదివారం

తమ్ముడు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. అమ్మ చెప్పిన మాటే వాడికి చెప్పాను: కూడలి వస్తే నేరుగా దాటు. పైథాన్‌లో యాభై లైన్లు కూడా లేని స్క్రిప్టు రాశాడు. పొట్టి పుల్లల్ని బిందువుగా కుదించేస్తుంది. ఆ బిందువు దగ్గరికి వచ్చే నాలుగు ముక్కల దిక్కులు చూసి, ఏ రెండు ఒకదానికొకటి ఎక్కువ ఎదురుగా ఉన్నాయో వాటిని కలుపుతుంది. పేజీ 14 రెండు సెకన్లలో ఒకే పాత్ అయింది.

సరిగ్గా కలిసిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగితే, అమ్మ వంటింట్లోంచి పప్పు తాలింపు వేస్తూనే చెప్పింది. "నాలుగూ నాలుగూ పెడితే గీత ఒకటి కాదే, నాలుగవుతాయి. నాలుగూ అయిదూ అయితే ఒక్కటే. ఆరూ నాలుగూ అయితే రెండు." తమ్ముడు కాసేపు లెక్కేసి, "అక్కా, అది గ.సా.భా.!" అన్నాడు. చుక్కల్ని చదరంగా పెట్టి, ప్రతి పక్కపక్క చుక్కల మధ్యా గీత దాటే మామూలు అల్లిక ముగ్గులో, వరుసలకీ వరుసలోని చుక్కలకీ గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో అన్ని గీతలు వస్తాయి. గణితంలో ఇది రుజువైన విషయమే. 1974లోనే మద్రాసులో గిఫ్ట్ సిరొమనీ, రాణి సిరొమనీ, కమలా కృతివాసన్ తమిళ కోలాలకి కంప్యూటర్ శాస్త్రంలోని వ్యాకరణ సూత్రాలు రాశారని కూడా వాడే వెతికి చూపించాడు. అమ్మకి ఆ పేర్లు తెలియవు, లెక్క మాత్రం చేతికి తెలుసు. ఇప్పుడు స్క్రిప్టు చివర ఆ లెక్క కూడా పెట్టాం. వచ్చిన పాత్‌లు గ.సా.భా.తో సరిపోకపోతే ఫైలు పేరు ఎర్రగా చూపిస్తుంది.

సాయంత్రం ఒకటి ఎర్రగా వచ్చింది. పుస్తకం 1, పేజీ 9. ఐదు వరుసలు, ఆరు చుక్కలు. ఒకటి రావాలి, మూడు వచ్చాయి. చూస్తే తప్పు స్క్రిప్టుది కాదు. ఆ ముగ్గులో నాలుగు చోట్ల అమ్మ గీతల్ని దాటించలేదు. రెండు వంపులు వీపుకి వీపు ఆనించి వెనక్కి తిప్పేసింది. కాగితం మీద ఇంకు కలిసిపోయి దాటినట్టే ఉంది. స్కాన్‌లో అయితే దాటడానికీ ఆనడానికీ తేడా సరిగ్గా తేలదు, రెండూ ఒకే మడుగు, అందుకే స్క్రిప్టు కొన్నిచోట్ల నేరుగా దాటించి, కొన్నిచోట్ల వెనక్కి తిప్పింది. అమ్మని పిలిచి అడిగితే ఆ నాలుగు చోట్లా వేలు పెట్టి చూపించింది: "ఇక్కడ తగిలి వెనక్కి, ఇక్కడ కూడా." అలాంటి ముగ్గులకి గ.సా.భా. లెక్క పనికిరాదు, అమ్మే లెక్క. ఆ చోట్ల ఎర్ర గుర్తు పెడితే స్క్రిప్టు అక్కడ నేరుగా పోకుండా వంపు వెంట పోయేలా మార్చాం. ఒకే గీత అయింది.

డిసెంబరు 13

వంపుల సంగతి. వెక్టర్ వంపుకి రెండు చివర్లు, చివరికొక పిడి. పిడిని లాగితే వంపు అటు మొగ్గుతుంది. వీటిని ఫ్రాన్సులో కార్ల కంపెనీల్లో కనిపెట్టారు, సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, రెనోలో పియేర్ బెజియే. నిండు గుండ్రానికి నాలుగు నోడ్లు (వంపు ముక్కలు కలిసే బిందువులు) చాలు, పిడి పొడవు వ్యాసార్ధంలో 0.5523 వంతు పెడితే కంటికి తేడా తెలియదు. ట్రేస్ మాత్రం ఒక్కో చుక్క చుట్టూ ఇరవై దాకా నోడ్లు వేసింది. ఇంక్‌స్కేప్‌లో సింప్లిఫై ఒకసారి నొక్కితే బాగుంది. వెంటవెంటనే నొక్కితే ప్రతిసారీ ఇంకా గట్టిగా తగ్గిస్తుంది. మూడోసారికి అంచుల్లో తిరిగే వంపులు కుంగిపోయాయి. ఒక్కసారి నొక్కి ఆపుతున్నాను.

అన్ని వంపుల్నీ చుక్కల గడికి అతికించి, అచ్చు గుద్దినట్టు ఒకేలా చేసేద్దామా అని తమ్ముడు అడిగాడు. చేయొచ్చు, అందంగానే ఉంటుంది. నేను వద్దన్నాను. కుడివైపు తిరిగే వంపు అమ్మది కాస్త పొట్టిగా ఉంటుంది, ఎడమవైపుది కాస్త విచ్చుకుంటుంది. పెళ్లికి ముందు పుస్తకంలోనూ అంతే, మొన్న శుభలేఖ కవరు మీదా అంతే. దాన్ని సరిదిద్దే హక్కు నాకు లేదనిపించింది. చుక్కల్ని మాత్రం గడికి అతికించి వేరే లేయర్‌లో పెట్టాను. పక్కన అమ్మ రాసుకున్న లెక్క, "15 చుక్కలు, మధ్య చుక్క, 8 వరకు" లాంటిది, బొమ్మగా కాకుండా టైపు చేసి ఫైలులోనే పెడుతున్నాను, వెతికితే దొరకాలి కదా.

డిసెంబరు 16

ఈ రోజు నెల పట్టారు. ఇప్పటికి 31 ముగ్గులు పూర్తయ్యాయి.

నిన్న షాపు మూసే ముందు పేజీ 14 మళ్లీ కట్టర్‌కి పంపాను. పెన్ను మొదటి చుక్క కింద దిగింది, రెండో చుక్క పక్కనుంచి జారింది, అంచుకి పోయి చుట్టింది. లేవలేదు. టకటక శబ్దం లేదు, మోటారు మూలుగు ఒక్కటే. మొదలైన చోటికి వచ్చి ఆగి, అప్పుడు లేచింది. వీడియో తీసి ఇంట్లో అమ్మకి చూపించాను. రెండుసార్లు చూసి, "చివర కలిపే చోట కొంచెం నెమ్మదిగా రావాలి" అంది. ఆ వేగం ఫైలులో ఎలా పెట్టాలో చూడాలి.

మిగిలిన పెద్ద సమస్య కరిగిపోయిన పేజీలు. పుస్తకం 3లో స్కెచ్ పెన్నువి పంతొమ్మిది. ఏ ఛానెల్‌లో చూసినా గీత లేదు, రంగు మబ్బు మాత్రమే ఉంది. కొన్నింట్లో బాల్‌పెన్నుతో పెట్టిన చుక్కలు, పక్కన రాసిన లెక్క మిగిలాయి. అమ్మకి అవి చాలట. ధనుర్మాసం అయ్యేలోపు రోజుకొకటి చొప్పున గేటు ముందు వేస్తానంది. నేను మేడ మీద పిట్టగోడకి ఫోను కట్టి, పైనుంచి వీడియో తీస్తాను. చెయ్యి ఏ వరుసలో నడిచిందో ఈసారి స్క్రిప్టు ఊహించాల్సిన పని లేదు, వీడియో చూసి నేనే నోడ్లు పెడతాను.

రేపు పేజీ 8. 11 చుక్కలు, మధ్య చుక్క, 6 వరకు. అమ్మ ఇప్పుడే ముగ్గు పిండిలో బియ్యప్పిండి కలిపి డబ్బా గుమ్మం పక్కన పెట్టింది. అలారం నాలుగున్నరకి పెట్టాను.